నీడను నింపిన స్క్రూడ్రైవర్

పోయిన వారం మన మాస్టారిని జైలు లోపలే వదిలేసి వచ్చాం. కంగారు పడకండి, ఆయన ఖైదీ కాడు. ఖైదీలకు పని నేర్పడానికి వెళ్లినవాడు. శిక్ష పడ్డవాళ్లకు శిక్షణ ఇవ్వడం ఆయన ఉద్యోగం. రెండింటికీ ఒక్క ‘ణ’ తేడా, ఆ ఒక్క అక్షరానికే జీతం. ప్రభుత్వ ఆఫీసుల్లో పాడైన కంప్యూటర్లు, ప్రింటర్లు, స్పీకర్లు లారీల్లో జైలుకి వస్తాయి. ఖైదీలు వాటిని విప్పి తీగలు ఒక డబ్బాలో, ఇనుము ఒక డబ్బాలో, ప్లాస్టిక్ ఒక డబ్బాలో వేస్తారు. పనిముట్లు, చేతి తొడుగులు, నేర్పే మనిషి — ఇవన్నీ సమకూర్చే కాంట్రాక్టు మాస్టారి బావమరిదిది. ఫైళ్లలో ఈ సరుకు పేరు ఈ-చెత్త. కాంట్రాక్టు చేతికొచ్చిన రోజున మాస్టారి భార్య తమ్ముణ్ని ఒకటే అడిగింది: “ఈ చెత్త ఒక్కటేనా, ఆ చెత్త కూడా మా ఆయన చేతే ఎత్తిస్తావా?”

ఆ వర్క్‌షాపు గోడకి ఒక పెద్ద బల్ల బిగించి ఉంటుంది. బూడిదరంగు బల్ల మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ నల్లరంగుతో వేసి, దాని మీద కొక్కెం కొట్టారు; ఒక్కో కొక్కెం ఒక్కో ఖైదీ పేర. సుత్తి నీడ మీద సుత్తి, కటింగ్ ప్లయర్ నీడ మీద కటింగ్ ప్లయర్. సాయంత్రం పని అయ్యాక ఖైదీలంతా ఎదుటి గోడకి వీపు ఆనించి నిలబడతారు. హెడ్ వార్డర్ ఆ నీడల బల్ల ముందు నిలబడి పై వరస నుంచి కింది వరస దాకా చూస్తాడు. ఎక్కడా నలుపు కనబడకపోతే ‘నిండింది’ అంటాడు. ఆ మాట అనేదాకా తలుపు తెరుచుకోదు, ఖైదీకైనా మాస్టారికైనా. ఈ హెడ్ వార్డర్‌ని అందరూ తాళంచెవి అంటారు. పుట్టుకతో వచ్చిన చెవులు రెండు, ఉద్యోగంతో వచ్చింది మూడోది. బాగా పనిచేసేది ఆ మూడోదే.

నిన్న సాయంత్రం ఒక నీడ ఖాళీగా ఉంది.

అది రేడియో వాడే స్క్రూడ్రైవర్ నీడ. రేడియో అంటే మనిషే. స్విచ్ కట్టేసినా పలికే రకం కాబట్టి ఆ పేరొచ్చింది. ముందస్తు విడుదల కమిటీ ముందు అతని కేసు ఇవాళే ఉంది. మొనదేలిన పనిముట్టు ఒకటి కనబడలేదంటే వర్క్‌షాపు మూత, ఆ కొక్కెం తాలూకు మనిషికి ఒంటరి గది, కమిటీకి చెడ్డ రిపోర్టు. ఫోను మోగితే తాళంచెవి అటు తిరిగాడు. ఆ కాస్త సందులో మాస్టారు, పెన్ను పెట్టుకునే జేబులో ఎప్పుడూ పెట్టుకునే సొంత స్క్రూడ్రైవర్ని తీసి ఆ కొక్కేనికి తగిలించేశాడు. తాళంచెవి ఇటు తిరిగాడు. చూశాడు. “నిండింది,” అన్నాడు.

మనం అక్కడ ఆగాం. మాస్టారి గుండె మాత్రం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది.

రాత్రంతా ఆ కనబడని స్క్రూడ్రైవర్ ఆయన్ని పక్క మీద మరమేకులా తిప్పుతూనే ఉంది. అన్ని వందల మంది ఉన్న చోట, ఏ పరుపు కిందో, ఏ చొక్కా మడతలోనో ఒక మొన దాక్కుని ఉంది. ఆ సంగతి ప్రపంచంలో ఆయన ఒక్కడికే తెలుసు. పొద్దున లేవగానే భార్య ఆయన మొహంలోకి చూసి, “నిద్రలో ‘నిండింది, నిండింది’ అని కలవరించారు. ఏం నిండింది? రాత్రి ఒక్క ముద్ద ముట్టందే!” అంది. ఆయన ఏదో గొణిగి, చెప్పుల్లో కాళ్లు దూర్చి బయటపడ్డాడు. కుడికాలిది ఎడమకాలికి వేసుకున్న సంగతి జైలు గేటు దగ్గర కుంటుతున్నప్పుడు గాని తెలియలేదు.

వర్క్‌షాపులో అడుగు పెడుతూనే కళ్లు నీడల బల్ల మీదికి పోయాయి. కొత్త ఎర్రపిడుల వరసలో ఆయన స్క్రూడ్రైవర్ అరిగిన పసుపుపిడితో, పిడికి చుట్టిన నల్లటేపుతో, పెళ్లివారి వరసలో కూర్చున్న పిలవని చుట్టంలా వేలాడుతోంది. నిన్న దీపం వెలుతురులో తాళంచెవి కంటికి ఆనలేదు గాని, పగటి వెలుతురులో అది నోరు తెరిచి అరుస్తున్నట్టే ఉంది.

మాస్టారు వంగి పనిబల్లల కింద చూశాడు. ప్లాస్టిక్ డబ్బా కదిపాడు. ఉబ్బిన బ్యాటరీలు వేసే ఇసుక బకెట్లో వేళ్లు పెట్టి కెలికాడు. ఇసుక తప్ప ఏం లేదు. ఇక ఆగలేక రేడియో పక్కకి చేరి, పని చూపిస్తున్నట్టు ఒక పాత కీబోర్డు చేతిలోకి తీసుకున్నాడు.

“ఎక్కడ పెట్టావ్?”

“ఏది మాస్టారూ?”

“ఏది అంటే నాకు మండుతుంది. నిన్న నీ కొక్కేనికి ఏది లేదో అది!”

“నా దగ్గర లేదు.”

“నీ దగ్గర లేకపోతే ఎవరి దగ్గరుంది? ఎవడైనా అడిగాడా? బెదిరించాడా? ఇప్పుడే చెప్పు. రేపు ఎవడి డొక్కలోనో దిగాక చెప్తే ఏం లాభం?”

“నేనెవరికీ ఇవ్వలేదు మాస్టారూ. ఇచ్చి ఉంటే...” అని రేడియో ఆగిపోయాడు.

“ఇచ్చి ఉంటే?”

“ఏం లేదు.”

రేడియో ఆగిపోవడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు. పక్క బల్ల దగ్గరివాళ్లు తలెత్తి చూశారు. మాస్టారు గొంతు తగ్గించాడు.

“నీకోసం నా మెడ మీదికి తెచ్చుకున్నాను, తెలుసా?”

“తెలుసు. మీరు తగిలించడం చూశాను.” రేడియో కీబోర్డు మీటలు ఒక్కొక్కటీ పీకుతూ, కళ్లెత్తకుండా అన్నాడు. “అందుకే నోరు మూసుకున్నాను.”

అందుకే అంటే? మాస్టారు ఆ మాటని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా ఒకటే కనబడింది: వీడే దాచాడు. తను జాలిపడి కాపాడినవాడే తన గొంతుకి గురిపెట్టుకుని కూర్చున్నాడు. విడదీసే పని చేసేవాళ్లకి ధ్యాసంతా విడుదల మీదే, నిజమే. కానీ బయటికి వెళ్లబోయేవాడికి స్క్రూడ్రైవర్ ఎందుకు?

ఆ ప్రశ్నకి జవాబు వెతికేలోగా తలుపు తెరుచుకుంది.

ముందు సెంటు వాసన వచ్చింది. వెనక బావమరిది వచ్చాడు. చంకలో ఫైలు, మొహంలో నవ్వు. ఆయన వెనకాల సూపరింటెండెంటు మేడమ్, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడుతో. ఆమె వెనకాల తాళంచెవి. కాంట్రాక్టు గడువు పొడిగించాలా వద్దా, ఇంకో రెండు జైళ్లు కూడా ఇతనికే ఇవ్వాలా అన్నది తేల్చడానికి తనిఖీ.

“ఇదిగో మేడమ్, మా బావ. మా ఇంటి అల్లుడు. మొదట మా అక్కకిచ్చాం, ఇప్పుడు జైలుకిచ్చాం!”

మేడమ్ నవ్వలేదు. “టెండర్లో జోకులు రాయలేదు. వాటికి బిల్లు రాదు.”

“అబ్బే, అవి ఉచితం మేడమ్! రాసినవన్నీ మాత్రం అక్షరాలా చేశాం. చెత్తే గదా అని చిత్తం వచ్చినట్టు చెయ్యలేదు. ప్రతి పనిముట్టు మీదా జైలు గుర్తు చెక్కించాలన్నారు, చెక్కించాం. కొందరైతే స్టిక్కర్ అంటించి సరిపెడతారు. మనది సీలున్న సామాను మేడమ్, శీలమున్న సామాను!”

అంటూ నీడల బల్ల దగ్గరికి నడిచాడు. మాస్టారు రెండంగల్లో అడ్డం వెళ్లాడు. “తర్వాత చూద్దువు లేరా. ముందు మేడమ్‌కి ఇసుక బకెట్లు చూపించు. తీగల డబ్బా చూపించు.”

“నువ్వుండు బావా.”

బావమరిది కళ్లు పసుపుపిడి మీద పడ్డాయి. మొహం ముడుచుకుంది. కొత్త సామాను ఇంత తొందరగా ఎరుపు వెలిసి పసుపయ్యేంత అరిగిందంటే మేడమ్ ఏమనుకుంటుంది? నాసిరకం అనుకుంటుంది. పొడిగింపు గోవిందా. అందుకని ఆమె అడక్కముందే తనే దాన్ని కొక్కెం నుంచి తీసి, “చూడండి మేడమ్, వీళ్లు ఎంత మోటుగా వాడినా పిడే అరిగింది గానీ గుర్తు చెక్కుచెదరదు, చెక్కినది గదా...” అంటూ గుర్తు చూపించడానికి తిప్పాడు.

ఒకవైపు లేదు. ఇంకోవైపు తిప్పాడు. లేదు. టేపు గీకి చూశాడు. మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

“ఇలా ఇవ్వండి,” అంది మేడమ్. కళ్లజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. “ఇది మనది కాదు. మరి మనది ఎక్కడుంది?”

“నిన్న నేనే చూశాను మేడమ్,” అన్నాడు తాళంచెవి. “నిండింది.”

“నిండింది. దేనితో నిండిందో చూశావా?”

తర్వాత అంతా ఈల చప్పుడే. స్టూళ్లు వెనక్కి పడ్డాయి. ఖైదీలు గోడకి వీపులు ఆనించారు. వార్డర్లు లోపలికి పరిగెత్తుకొచ్చి జేబులు, బూట్లు, చొక్కా కుట్లు తడమడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన చేతులు పైకెత్తలేకపోతే ఇద్దరు పట్టుకుని ఎత్తారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. దొరకలేదంటే ఇవాళ సాయంత్రం నుంచి పనీ ఉండదు, ఇంటినుంచి వచ్చేవాళ్లని చూడటమూ ఉండదు. అది అందరికీ తెలుసు.

“ఆ కొక్కెం ఎవరిది?”

తాళంచెవి వేలు చూపించాడు. మేడమ్ రేడియో ముందుకి వెళ్లి నిలబడింది.

“ఇవాళ కమిటీలో నీ పేరుంది కదూ?”

“ఉంది మేడమ్.”

“ఉండేది.”

ఆ మాటకి రేడియో వీపుని గోడకేసి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. మాస్టారికి ఆ క్షణంలో అతను దొంగో కాదో పట్టలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

“మేడమ్, అది నాది. నిన్న సాయంత్రం నేనే తగిలించాను.”

“బావా!” బావమరిది ఆయన మోచెయ్యి గిల్లాడు. “నీకేమైనా మతిపోయిందా? ఇప్పుడు అక్కకి నేనేం చెప్పను?”

“మీరు తగిలించారు,” అంది మేడమ్. అరవలేదు. అరిచినా బాగుండేది. “మంచిపని చేశాననుకున్నారా? ఒక మనిషి మీద జాలి చూపించడానికి మిగతా అందరినీ రాత్రంతా ఒక మొన పక్కన పడుకోబెట్టారు. ఆ సంగతి వాళ్లకి తెలీదు. వాళ్లని కాపలా కాసే మావాళ్లకీ తెలీదు. నిన్ననే నోరు విప్పి ఉంటే ఇది నిన్ననే తేలిపోయేది.”

రాత్రి మాస్టారు తనకు తను చెప్పుకున్నదీ ఇదే.

మేడమ్ రేడియో వైపు తిరిగింది. “ఆఖరిసారి అది ఎవరి చేతిలో ఉంది?”

రేడియో మాస్టారి వైపు చూశాడు.

“నోరు లేదా?”

“ఉంది మేడమ్. కానీ...”

“చెప్పరా!” మాస్టారు ఆగలేకపోయాడు. “నేను చెప్పేశాను కదా, నీకింకా ఎవరంటే భయం?”

“మీరంటేనే మాస్టారూ.”

జేబులు తడుముతున్న వార్డర్లు ఇటు తిరిగారు.

“మీరే తీసుకున్నారు,” అన్నాడు రేడియో. “నిన్న స్పీకర్లు విప్పుతున్నాం. అయస్కాంతం ఊడట్లేదు మాస్టారూ అని నేనన్నాను. ‘ఇటివ్వు, అలా కాదు’ అని నా చేతిలోంచి లాక్కున్నారు. నాకు మళ్లీ ఇవ్వలేదు. మీరే తగిలిస్తారనుకున్నాను.”

“నేనా? ఎప్పుడు? నేను ఊరికే ఇలా పట్టుకుని చూపించాను...” అంటూ మాస్టారు ఎడమచేతిలో లేని స్పీకర్ని పట్టుకున్నాడు. కుడిచేతిలో లేని స్క్రూడ్రైవర్ని అంచు కింద దూర్చాడు. మణికట్టు ఒక్క మెలిక తిప్పాడు. అయస్కాంతం టక్కున ఊడింది. ఊడి స్క్రూడ్రైవర్ని కరుచుకుంది. అటువైపు ఎవరో పిలిచారు. “ఆ, వస్తున్నా,” అంటూ మాస్టారి చెయ్యి ఆ రెండింటినీ కలిపి పక్కనున్న ఇనుము డబ్బాలోకి విసిరేసింది.

ముందు చేతులకి గుర్తొచ్చింది. తలకి తర్వాత వచ్చింది. మర తిప్పడం నేర్పేవాడు ఇంత మరపు మనిషా! ఆయన చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

“పొద్దున అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?” ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

“మీరు నాకోసం నీడ నింపారు. నేను వెళ్లి మాస్టారే తీసి పోగొట్టారని ఎలా చెప్పను? చెప్పినా ఎవరు నమ్ముతారు? మాస్టారు తీశారని ఖైదీ అంటే దాన్ని ఇక్కడ సాక్ష్యం అనరు, సాకు అంటారు.” రేడియో అప్పుడు తలెత్తి చూశాడు. “నేనే దాచానని అనుకున్నారు కదూ?”

కాదని చెప్పడం ఎంత తేలిక! మాస్టారికి నోటిదాకా వచ్చింది కూడా.

“అనుకున్నాను.”

రేడియో తలాడించాడు. కోపం లేదు ఆ తలాడింపులో. అదే మాస్టారికి ఎక్కువ బాధ కలిగించింది.

ఆయన ఇనుము డబ్బా దగ్గరికి పరిగెత్తాడు. డబ్బా ఖాళీగా ఉంది. అడుగున కాస్త తుప్పు, ఒక విరిగిన బిళ్ల.

“సరుకేదిరా?”

బావమరిది మొహంలో నవ్వు ఎప్పుడు దిగిపోయిందో దిగిపోయింది. “పొద్దున్నే లారీ పంపించేశాను. తనిఖీ కదా, హాలు శుభ్రంగా ఉండాలని. ఈపాటికి మన గోడౌన్లో ముక్కల మిషన్ దగ్గర ఉంటుంది.”

“ముక్కల మిషనా?”

“టెండర్లో షరతు బావా. ప్రభుత్వ కంప్యూటర్లు కదా, వాటిల్లో రహస్యాలు ఉంటాయట. లోపలినుంచి ఏ లోహం వచ్చినా చేరిన వెంటనే ముక్కలు చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే జరిమానా.” తను ఎప్పుడూ గొప్పగా చెప్పుకునే షరతు అది. ఇప్పుడు నత్తి వచ్చినవాడిలా చెప్పాడు.

మేడమ్ పసుపుపిడి స్క్రూడ్రైవర్ని తాళంచెవి చేతిలో పెట్టింది. “వినండి. గుర్తున్న పనిముట్టు నా కళ్లముందుకి రావాలి. అది బయటికి పోయిందన్నది మీ మాట. మీ మాట ఎలాంటిదో ఆ కొక్కేనికి వేలాడుతుంటే ఇందాకే చూశాను. అది వచ్చేదాకా ఇక్కడే లోపల ఉన్నట్టు లెక్క, ఈ మనిషే దాచినట్టు లెక్క. కమిటీకి నేను ఇచ్చే రిపోర్టు అదే.”

“ఫోన్ చెయ్యరా! మిషన్ ఆపమను!”

బావమరిది ఫోన్ తీశాడు. చేస్తూనే మాస్టారి చెవి దగ్గరికి వంగి గుసగుసలాడాడు. “బావా, కొంచెం ఆలోచించు. జైలు పనిముట్టు జైలు గోడ దాటిందని తేలితే నా కాంట్రాక్టు రద్దు. నన్ను నల్లజాబితాలో పెడతారు. దొరికినా మునుగుతాం.”

“దొరక్కపోతే అతను మునుగుతాడు!”

అవతల ఫోన్ ఎత్తారు. స్పీకర్లోంచి ముందు మాట రాలేదు, చప్పుడు వచ్చింది. ఇనుము ఇనుముని నమిలే చప్పుడు. కరకర, కరకర, మధ్యలో ఏదో గట్టిది అడ్డుపడి కీచుమని, మళ్లీ కరకర.

“హలో సార్! ఏం వినబడట్లేదు సార్! సర్టిఫికెట్ గురించేనా సార్? సగం అయిపోయింది సార్! మిగతా సగం కూడా వేసేస్తున్నాం, మీరేం కంగారు పడొద్దు సార్!”

“ఆపు! ఆపమను!” మాస్టారు ఫోన్ మీదికి వంగి అరిచాడు.

చప్పుడు ఆగింది. ఆగింది మిషన్ కాదు, ఫోన్. “లైన్ కట్టయింది బావా,” అన్నాడు బావమరిది. కానీ ఆయన బొటనవేలు ఎర్రబొత్తాం మీద నుంచి ఇంకా లేవలేదు. మాస్టారు ఆ వేలిని చూశాడు. మాస్టారు చూశాడని బావమరిది చూశాడు. మూడుముళ్ల చుట్టరికం ఇద్దరి మధ్యా నిలబడి నేలచూపులు చూసింది.

ఇంతలో బయటినుంచి ఒక వార్డరు తల లోపలికి పెట్టాడు. “మేడమ్, కమిటీవాళ్లు వచ్చేశారు. మొదటి పేరు రేడియోదే. పంపించమంటున్నారు.”

రేడియో చొక్కా సరిచేసుకున్నాడు. తడిమినవాళ్లు ఊడదీసిన గుండీ పెట్టుకోబోయాడు గాని అంతలోనే వార్డరు రెక్క పట్టుకున్నాడు. తలుపు దగ్గర అతను ఆగి వెనక్కి చూశాడు.

“మాస్టారూ, మీరే లాక్కున్నారని నేను చెప్తే నవ్వుతారు. మీరు పక్కన నిలబడి చెప్తే వేరు. వస్తారా?”

ఆ వర్క్‌షాపుకి తలుపులు రెండు. ఒకటి లోపలి వరండాలోకి, కమిటీ కూర్చున్న గది వైపు. రెండోది గేటు వైపు, రోడ్డు మీదికి, గోడౌన్ వైపు. కమిటీ ముందు మాట్లాడితే మిషన్ మిగతా సగం మింగేస్తుంది, మాట ఉత్త మాటే అవుతుంది. గోడౌన్‌కి పరిగెత్తితే ఇక్కడ రేడియో ఒంటరివాడవుతాడు. బావమరిదిని పంపుదామంటే, ఆ బొటనవేలు!

తాళంచెవి గుత్తిలోంచి రెండు తాళాలు వేరుచేసి, చెరొక చేత్తో పట్టుకున్నాడు. నిన్న తను అన్న ఆ ఒక్క మాటకి ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది.

“త్వరగా చెప్పండి మాస్టారూ. ఏ తలుపు తియ్యమంటారు?”